బిగించడం కాదు, కుదరడం
(రైఫిల్ గురికీ, తుపాకి కర్రకూ ఉన్న సంబంధం)

– హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం, కాకతీయ విశ్వవిద్యాలయం. స్వగ్రామం: మేడారం



వార్షికోత్సవ సంచికకు కథలు, కవితలు చాలా వచ్చాయని, నన్ను మాత్రం చదువుకు పనికివచ్చే పాఠం ఏదైనా రాయమని వార్డెన్ సారు అడిగారు. పదో తరగతిలో మీరు చదివే సారూప్య త్రిభుజాలు, తొమ్మిదో తరగతిలో చదివే న్యూటన్ మూడో నియమం ఒకే వస్తువులో ఎక్కడ కలుస్తాయా అని ఆలోచించాను. నాకు తోచిన వస్తువు రైఫిల్. దాని గురించి ఎందుకు రాస్తున్నానో ముందు చెప్పాలి.

మాది మేడారం. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఉండేది, 2019 నుంచి ములుగు జిల్లాలోకి వచ్చింది. రెండేళ్లకోసారి మాఘమాసంలో మా ఊరికి లక్షల జనం వస్తారని మీకందరికీ తెలుసు. జాతరలో గురువారం నాడు సమ్మక్క తల్లిని చిలుకలగుట్ట మీద నుంచి గద్దెకు తీసుకువస్తారు. అప్పుడు పోలీసు అధికారులు గాలిలోకి తుపాకి పేల్చి, ప్రభుత్వ లాంఛనంతో స్వాగతం పలుకుతారు. నేను తుపాకి మోత మొదటిసారి విన్నది అక్కడే, నాయిన భుజాల మీద కూర్చుని. అందరూ చేతులెత్తి మొక్కుతుంటే నేను చెవులు మూసుకున్నాను.

ఏజెన్సీలో పుట్టి పెరిగిన మా అమ్మకు తుపాకి అంటే రెండే అర్థాలు. జాతర నాడు లాంఛనం, మిగతా రోజుల్లో భయం. అందుకే నేను డిగ్రీలో ఎన్.సి.సి.లో చేరి ఫైరింగుకు వెళ్తున్నానని చెప్పినప్పుడు ఆమె రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేను. "చదువుకోమని పంపితే తుపాకి పట్టినవా?" అన్నది. ఆ ప్రశ్నకు సమాధానంగా కూడా ఈ పాఠం రాస్తున్నాను. తుపాకిలో కూడా చదువు ఉంది.

1. నా గురి ఎందుకు తప్పింది?

ఎన్.సి.సి. 1948లో ఏర్పడింది. అందులో కేడెట్లకు నేర్పేది .22 రైఫిల్. దాని తూటా మందం సుమారు 5.6 మిల్లీమీటర్లు, అంటే మనం రాసే పెన్సిల్ కంటే సన్నం. 25 మీటర్ల దూరంలో కాగితం టార్గెట్ పెట్టి, నేల మీద బోర్లా పడుకుని, ఐదు తూటాలు కాల్చాలి. ఐదూ ఎంత దగ్గరదగ్గరగా పడితే అంత మంచిది. దీన్నే గ్రూపింగ్ అంటారు. నడిమధ్యలో పడటం తర్వాత సంగతి, ముందు ఒకచోట పడాలి.

డిగ్రీ రెండో సంవత్సరంలో, ఒక శిబిరంలో, ఫైరింగ్ జట్టుకు ఎంపిక జరిగింది. నా తూటాలు మొదటి రెండు కింద, మిగతా మూడు వాటికి జానెడు పైన పడ్డాయి. నన్ను తీసుకోలేదు. గదికి వచ్చి అందరితో "ఆ రైఫిల్ మంచిది కాదు" అని చెప్పాను. ఇంటికి ఫోన్ చేసి కూడా అదే చెప్పాను.

మా ఉస్తాద్ నా టార్గెట్ కాగితం చేతిలో పట్టుకుని నన్ను పిలిచాడు. "రెండు గుంపులు ఉన్నాయి. ప్రతి గుంపూ బాగానే ఉంది. అంటే నీ చెయ్యి వణకలేదు, మధ్యలో ఏదో మారింది. నిజం చెప్పు, మూడో తూటాకు ముందు ఏం చేశావు?" అని అడిగాడు.

అప్పుడు గుర్తొచ్చింది. మోచేతులు నొప్పి పుట్టి, కాస్త ముందుకు జరిగాను. అంతవరకు ఇసుక సంచి మీద ఆనిన తుపాకి కర్ర జారి, దాని బదులు ఇనుప గొట్టమే సంచి మీద ఆనింది. సంచి గట్టిగా కూరి ఉంది. అది గొట్టాన్ని పైకి నెట్టింది. తూటాలూ పైకి పోయాయి. రైఫిల్‌ది తప్పు కాదు, నాదే.

"గొట్టాన్ని సంచి తాకితేనే ఇంత తేడా వస్తే, దాన్ని పొద్దస్తమానం పట్టుకుని ఉండే కర్ర తప్పుగా తాకితే ఎంత తేడా రావాలి?" అన్నాడు ఉస్తాద్. ఆ ప్రశ్నే ఈ పాఠానికి మూలం.

2. రైఫిల్‌లో రెండు సగాలు

ఏ రైఫిల్‌నైనా రెండు సగాలుగా చూడవచ్చు.

ఇనుప సగం: తూటా ప్రయాణించే గొట్టం బ్యారెల్. దాని వెనుక బిగించి ఉండే దిమ్మె యాక్షన్. తూటాను గదిలోకి తోసి తలుపులా మూసే బోల్టు ఇందులోనే కదులుతుంది.

కర్ర సగం: దీన్ని స్టాక్ అంటారు. మనం భుజానికి ఆనించే మడమ, చేత్తో పట్టుకునే ముందు భాగం ఇందులో ఉంటాయి. ప్రపంచమంతటా దీనికి ఎక్కువగా వాడిన చెక్క అక్రోటు. ఇప్పుడు ఫైబరు, అల్యూమినియం స్టాకులు కూడా వచ్చాయి.

ఇనుప దిమ్మె కూర్చోవడానికి కర్రలో ఒక గాడి తొలుస్తారు. దిమ్మెను అందులో పెట్టి, కింది నుంచి సాధారణంగా రెండు స్క్రూలు బిగిస్తారు. ఇలా కూర్చోబెట్టడాన్నే బెడ్డింగ్ అంటారు. మంచం మీద పరుపు సమంగా ఉంటేనే నిద్ర పడుతుంది కదా, అలాంటిదే.

పెద్ద రైఫిళ్లలో యాక్షన్ కింద చిన్న అడ్డదిమ్మె ఒకటి ఉంటుంది. దాని పేరు రీకాయిల్ లగ్. తూటా ముందుకు పోయినప్పుడు రైఫిల్ వెనక్కి తంతుంది. ఆ తన్నును ఈ లగ్ కర్రకు అందిస్తుంది, కర్ర మన భుజానికి అందిస్తుంది.

3. తన్ను ఎంత? (న్యూటన్ మూడో నియమం)

ద్రవ్యవేగం = ద్రవ్యరాశి × వేగం.

.22 తూటా బరువు సుమారు 2.6 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 330 మీటర్లు. 0.0026 × 330 = 0.86. రైఫిల్ బరువు 3 కిలోలు అనుకుంటే, అది వెనక్కి కదిలే వేగం 0.86 ÷ 3, అంటే సెకనుకు సుమారు 0.29 మీటర్లు.

ఇప్పుడు పాత .303 రైఫిల్ చూడండి. దాని తూటా సుమారు 11.3 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 744 మీటర్లు. 0.0113 × 744 = 8.4. అంటే .22 కంటే దాదాపు పది రెట్లు. (మందు పేలినప్పుడు వచ్చే వాయువుల లెక్క ఇక్కడ కలపలేదు. కలిపితే తన్ను ఇంకా ఎక్కువ.)

తూటా గొట్టంలో ఉండే కాలం .22కు సుమారు 2 నుంచి 3 మిల్లీసెకన్లు మాత్రమే. కానీ రైఫిల్ కదలడం, గొట్టం తీగలా కంపించడం తూటా బయటపడక ముందే మొదలవుతాయి. కాబట్టి ఆ రెండు మూడు మిల్లీసెకన్లలో గొట్టం ఎటు ఊగితే తూటా అటు పోతుంది. ఊగడాన్ని ఆపలేం. ప్రతిసారీ ఒకేలా ఊగేటట్టు చేయగలం. బెడ్డింగ్ చేసే పని అదే.

4. కాగితమంత తేడా (సారూప్య త్రిభుజాలు)

యాక్షన్ గాడిలో వదులుగా ఉండి, గొట్టం మూతి తన స్థానం నుంచి 0.1 మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకుందాం. అది దాదాపు ఒక కాగితం మందం. గొట్టం పొడవు 60 సెంటీమీటర్లు, అంటే 600 మిల్లీమీటర్లు.

25 మీటర్ల దూరంలో తేడా: 0.1 × 25,000 ÷ 600 = 4.2 మిల్లీమీటర్లు.
50 మీటర్ల దూరంలో: 8.3 మిల్లీమీటర్లు.
300 మీటర్ల దూరంలో: 50 మిల్లీమీటర్లు.

అంతర్జాతీయ పోటీల్లో 50 మీటర్ల రైఫిల్ టార్గెట్ మీద పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే. కాగితమంత వదులు ఉంటే ఎంత గొప్ప గురికాడైనా ఓడిపోతాడు.

5. గొడ్డలి కామ చెప్పిన పాఠం

ఆ శిబిరం నుంచి ఇంటికి వెళ్లినప్పుడు మా నాయిన గొడ్డలికి కొత్త కామ వేస్తున్నాడు. సాయం చేద్దామని నేను చీల పెట్టి సుత్తితో గట్టిగా కొట్టాను. కామ నిలువునా చీలింది. రెండు పూటల పని పోయింది. నాయిన తిట్టలేదు. ఇంకో కర్ర తీసుకుని మళ్లీ మొదలుపెట్టాడు.

ఈసారి నేను చూస్తూ కూర్చున్నాను. గొడ్డలి కంతలో లోపల తడి జాజు పూసిండు. కామ కొసను అందులో కొద్దిగా దూర్చి తీసిండు. కర్ర మీద ఎక్కడ ఎర్రగా అంటిందో అక్కడ మాత్రమే బాడిశతో పల్చగా చెక్కిండు. మళ్లీ దూర్చిండు, మళ్లీ తీసిండు. పదిసార్లయినా చేసి ఉంటాడు. చివరికి ఎరుపు అన్ని పక్కలా సమంగా అంటింది. అప్పుడు చిన్న చీల వేసి రెండు దెబ్బలు కొట్టిండు. అంతే.

"బిగిస్తే ఆగదు బిడ్డా, కుదిరితే ఆగుతది" అన్నాడు.

"మరి చాలామంది నీళ్లల్ల నానబెడతరు కదా?" అని అడిగాను.

"నానితే ఆ పూటకు బిగుసుకుంటది. ఎండినంక ఇంకింత వదులైతది" అన్నాడు.

బడి మొహం చూడని మా నాయిన ఆ రోజు నాకు చెప్పింది రైఫిల్ బెడ్డింగ్ పాఠం మొత్తం. తుపాకులు చేసే పనివాళ్లు కూడా సరిగ్గా ఇదే చేస్తారు. యాక్షన్‌కు దీపం మసి లాంటి నల్లరంగు పూస్తారు. గాడిలో పెట్టి తీస్తారు. నల్లగా అంటినచోట గీకుతారు. సమంగా అంటేవరకు అదే పని.

నానబెట్టడం గురించి నాయిన అన్నమాట కూడా శాస్త్రమే. చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండి ముడుచుకుంటుంది. పొడవునా ఈ మార్పు చాలా తక్కువ, అడ్డంగా చాలా ఎక్కువ. ఉబ్బిన చెక్కకు ఇనుము అడ్డుపడితే లోపలి కణాలు నలిగిపోతాయి. ఎండినప్పుడు అవి మళ్లీ పాత ఆకారానికి రావు. అందుకే ఇంకా వదులవుతుంది. శ్రావణంలో బిగుసుకునే తలుపు వేసవిలో దడదడలాడటం మీరు చూసే ఉంటారు. ఆ తలుపు లాగే రైఫిల్ కర్ర కూడా వానకు, ఎండకు మారుతుంది. ఎండాకాలం సరిచూసుకున్న గురి వానాకాలం తప్పడానికి ఇదొక కారణం.

6. సరిగ్గా కూర్చోబెట్టే పద్ధతి

ఈ పని లైసెన్సు ఉన్న తుపాకి పనివాళ్లు, పోలీసు, సైనిక దళాల్లోని ఆర్మరర్లు చేస్తారు. కేడెట్లు స్క్రూలు ముట్టుకోరాదు. పద్ధతి తెలుసుకోవడం మాత్రం మనకు చదువు.

మొదటి మెట్టు, ఖాళీ చేయడం. బోల్టు తీసి, గదిలో తూటా లేదని కంటితో, వేలితో చూస్తారు. ఏ పనైనా దీని తర్వాతే.

రెండో మెట్టు, పరీక్ష. గొట్టానికీ, ముందు కర్రకూ మధ్య వేలు ఆనించి ముందు స్క్రూ మెల్లగా వదులు చేస్తారు. గొట్టం కదిలినట్టు వేలికి తెలిసిందంటే, స్క్రూ ఇంతవరకు ఇనుమును వంచి పట్టుకుని ఉందన్నమాట. బాగా కుదిరిన రైఫిల్‌లో స్క్రూ వదిలినా ఇనుము కదలదు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా గట్టిగా కనిపిస్తాయి. ఒకటి బిగింపు, ఇంకొకటి కుదురు.

మూడో మెట్టు, గాడిని సరిచేయడం. ఎత్తుగా ఉన్నచోట గీకుతారు. ఆధునిక పద్ధతిలో గాడిలో కొన్ని మిల్లీమీటర్ల చెక్క తీసి, అక్కడ ఎపాక్సీ ముద్ద నింపుతారు. మనం విరిగిన వస్తువులు అతికించే రెండు ట్యూబుల అరాల్డైట్ ఉంది కదా, అది కూడా ఈ జాతిదే. రైఫిల్‌కు వాడేది ఇంకా గట్టి రకం, కొన్నిసార్లు లోహపు పొడి కలిపినది. ఇనుముకు ముందే మైనం లాంటిది పూస్తారు. పూయడం మరిచిపోతే యాక్షన్ శాశ్వతంగా కర్రకు అతుక్కుపోతుంది. ఇనుమును ముద్దలో కూర్చోబెట్టి, స్క్రూలతో బలంగా లాగకుండా, ఒక రోజు గట్టిపడనిస్తారు. అప్పుడు ఆ ఇనుము ఆకారానికి అచ్చం అచ్చు పోసిన ఆసనం తయారవుతుంది.

నాలుగో మెట్టు, లగ్. లగ్ వెనుక ముఖం మాత్రమే పూర్తిగా ఆనాలి. ముందు, పక్కలు, అడుగు భాగాలకు టేపు వేసి కాస్త సందు ఉంచుతారు. తన్ను పడేది వెనక్కి కాబట్టి ఆధారం అక్కడే కావాలి. అన్ని పక్కలా పట్టేస్తే, తీసి పెట్టిన ప్రతిసారీ అంచులు గీసుకుని గాడి చెడిపోతుంది.

ఐదో మెట్టు, స్క్రూ స్తంభాలు. స్క్రూలు బిగించేకొద్దీ చెక్క నలుగుతుంది. అందుకని స్క్రూ రంధ్రాల్లో అల్యూమినియం గొట్టాలు పెడతారు. అప్పుడు లోహం లోహం మీదే ఆనుతుంది, చెక్క మీద ఒత్తిడి పడదు. ప్రతిసారీ ఒకే బలంతో బిగించడానికి టార్క్ రెంచి వాడతారు. ఎంత బలమో తయారీదారు చెప్పినదాన్నే పాటిస్తారు.

ఆరో మెట్టు, గొట్టానికి స్వేచ్ఛ. చాలా ఆధునిక రైఫిళ్లలో గొట్టాన్ని కర్ర అసలు తాకకూడదు. గొట్టం కింద పది రూపాయల నోటు పెట్టి యాక్షన్ వైపు లాగుతారు. ఎక్కడా అడ్డుపడకుండా జారితే సరే. అడ్డుపడితే అక్కడ కర్ర తాకుతోందన్నమాట.

7. ఒకే సూత్రం, రెండు దారులు

గొట్టాన్ని వదిలేయడమే ఏకైక దారి అనుకోకండి. 1907లో వచ్చిన లీ ఎన్‌ఫీల్డ్ మార్క్ 3 రైఫిల్ (.303) చూడండి. దాన్ని మన దేశంలో బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో దశాబ్దాల పాటు చేశారు. అందులో ముందు కర్ర లోపల స్ప్రింగు మీద చిన్న మేకు ఉంటుంది. అది గొట్టాన్ని కింది నుంచి మెల్లగా, ఎప్పుడూ ఒకే బలంతో నెడుతుంది. గొట్టాన్ని పూర్తిగా వదలలేదు, ఇష్టం వచ్చినట్టు తాకనివ్వనూ లేదు. రెండు దారుల్లోనూ సూత్రం ఒకటే: ప్రతి తూటాకూ పరిస్థితి మారకూడదు. ఆ .303 మన పోలీసుల భుజాల మీద కూడా చాలాకాలం ఉంది. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి 2020లో గాని వీడ్కోలు పలకలేదు.

నేను ఇసుక సంచి మీద చేసిన తప్పు ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. గొట్టాన్ని తాకడం ఒక్కటే కాదు నా తప్పు, రెండు తూటాల తర్వాత తాకడం.

8. మన హైదరాబాద్ గురికాళ్లు

ఈ లెక్కలన్నీ ఎక్కడ పనికొస్తాయంటే, హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచాడు. రజతం గెలిచిన ఇటలీ షూటర్‌కు 701.5. తేడా 0.4 పాయింటు! ఆ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం కేవలం 0.5 మిల్లీమీటరు. హైదరాబాద్‌కే చెందిన ధనుష్ శ్రీకాంత్ వినికిడి లోపం ఉన్నా, 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం సాధించాడు.

ఎయిర్ రైఫిల్‌కు తన్ను చాలా తక్కువ. పోటీ రైఫిళ్ల స్టాకులు ఇప్పుడు ఎక్కువగా అల్యూమినియంవి, వానకు ఉబ్బవు. అయినా స్క్రూ వదులైతే ఆ 0.5 మిల్లీమీటరు చుక్క దొరకదు. గచ్చిబౌలిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో షూటింగ్ రేంజ్ ఉంది. ఎప్పుడైనా అటు వెళ్తే చూడండి. తుపాకి చట్టబద్ధంగా, క్రమశిక్షణతో ఆటవస్తువుగా మారిన చోటు అది. లైసెన్సు లేకుండా తుపాకి దగ్గర ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరమని కూడా గుర్తుంచుకోండి.

జ్ఞాపకం ఉంచుకోవలసినవి

• గురి అంటే ముందు ఒకచోట పడటం, తర్వాతే మధ్యలో పడటం.
• ఇనుము కర్రలో వంగకుండా, ఊగకుండా కూర్చోవాలి. స్క్రూ బలం గాడి లోపాన్ని దాచగలదు, తీర్చలేదు.
• చెక్క అడ్డంగా ఉబ్బుతుంది. రుతువు మారితే గురి సరిచూసుకోవాలి.
• లగ్ వెనుక ఆనాలి. గొట్టం ప్రతిసారీ ఒకే స్థితిలో ఉండాలి.

మీరే చేయండి

1. గొట్టం మూతి 0.2 మి.మీ. జరిగితే, 60 సెం.మీ. గొట్టానికి 50 మీటర్ల దూరంలో తేడా ఎంత?
2. .303 రైఫిల్ బరువు 4 కిలోలైతే అది ఎంత వేగంతో వెనక్కి తంతుంది?
3. మీ ఇంట్లో గొడ్డలి, పార, కొడవలి దేనికైనా కామ ఎలా వేస్తారో మీ అమ్మానాన్నలను అడిగి పది వాక్యాల్లో రాయండి.

మూడో ప్రశ్నకు సమాధానం ఏ గైడులోనూ దొరకదు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడే రాయాలి.

చివరగా ఒక మాట. మరుసటి సంవత్సరం మళ్లీ ఎంపిక జరిగింది. ఈసారి ముందు కర్రను సంచి మీద సరిగ్గా ఆనించి, ఐదు తూటాలయ్యేదాకా మోచేయి కదపలేదు. ఐదు రంధ్రాలనూ ఐదు రూపాయల బిళ్ళతో మూయవచ్చు. జట్టులోకి తీసుకున్నారు. పెద్ద పతకాలేమీ రాలేదు. ఆ టార్గెట్ కాగితం మాత్రం ఇంటికి తీసుకెళ్లి, మొదట "రైఫిల్ మంచిది కాదు" అని నేను చెప్పింది అబద్ధమని నాయినకు ఒప్పుకున్నాను. ఆయన కాగితాన్ని వెలుతురుకు పట్టి, ఆ రంధ్రాల్లోంచి చూసి నవ్వాడు. అమ్మ దాన్ని తీసుకుని, నా డిగ్రీ సర్టిఫికెట్ పెట్టిన ట్రంకు పెట్టెలోనే పెట్టింది.

మీ అందరి చదువులూ బాగా కుదరాలని కోరుకుంటూ,

మీ అన్న